దొరసాని చీరలో సుక్కమ్మ

అన్నం తిని వస్తానన్నాడు ఇన్‌స్పెక్టరు. అంతవరకూ ఈ పటం ముందే కూర్చోమన్నాడు, తొందరేం లేదు, నిదానంగా చూడు, నేను వచ్చాక ఒక్క మాట చెబితే చాలు, ఈమె నీ పెళ్లామో కాదో. అవునంటే రేపటి నుంచి క్యాంపుకు రానక్కర్లేదట, పొద్దుటా సాయంత్రమూ మోకాళ్ల మీద కూర్చుని హాజరు చెప్పుకోనక్కర్లేదట. కాదంటే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, మూడు నెలలుగా నా వీపుకు తెలుసు, ఎడమ చెవికి తెలుసు, ఆ చెవిలో ఇప్పటికీ ఒకటే రొద, లోపల ఏదో పురుగు తిరుగుతున్నట్టు. నిజానికి నేను వచ్చింది అవునని చెప్పడానికే. పొద్దున ఇంటి నుంచి కదిలినప్పుడే ఆ మాట నోట్లో పెట్టుకుని బయలుదేరాను. ఇల్లంటే ఇల్లు కాదు, కప్పు పీకేసిన నాలుగు గోడలు. పెళ్లాం మూలంగానే పీకేశారు, అది మాత్రం రావిర్యాల గుట్టల్లో తుపాకుల వాళ్లకు చీటీలు మోసుకుంటూ తిరుగుతోంది. మూడేళ్లయింది నన్ను విడిచిపోయి. పోయేనాడు వెనక్కి తిరిగైనా చూడలేదు. అలాంటి దాని కోసం ఎన్నాళ్లని వీపు అప్పగించి కూర్చోను, చెప్పేస్తాను, చెప్పి ఇంటికి పోయి తాటికమ్మలు కప్పుకుంటాను.

చల్లగా ఉంది ఈ హాలు. బయట ఎండ మండిపోతోంది, ఇక్కడ మాత్రం బండలు నీళ్లు చల్లినట్టున్నాయి. నలభై మూడేళ్లొచ్చాయి నాకు, మూడో తరగతిలో బడి మాన్పించి దొర గడికి తోలారు, అప్పటి నుంచి ఈ గడి వెట్టిలోనే తల నెరిసింది, ఈ బండల మీద కూర్చోవడం ఇదే మొదలు. వాకిలి దాటి రానిచ్చేవాళ్లు కాదు. లోపల ఇంత చల్లగా ఉంటుందని తెలియనే తెలియదు. మొన్నటిదాకా దొరే లేడిక్కడ, శ్రీపాల్ దొర, దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లకు జడిసి హైద్రాబాద్‌లో తలుపులేసుకుని కూర్చున్నాడు, పోలీసు యాక్షన్ అయి యూనియన్ మిలిటరీ వచ్చాక వాళ్ల లారీల వెనకే కాంగ్రెస్ తెల్లటోపీ పెట్టుకుని ఇబ్రహీంపట్నంలో దిగాడు, గడి ముందరి గదులు క్యాంపుకిచ్చాడు. సంఘపోళ్లు గడి మీద పడ్డనాడు కాగితాలు కాల్చారు, నిలువుటద్దాలు పగలగొట్టారు, ఈ పటాన్ని మాత్రం ముట్టుకోలేదట. ఎందుకు ముట్టుకోలేదో అప్పుడు నాకు తెలియలేదు.

పటం నా అంత ఎత్తుంది. పెద్ద బండకు ఆనుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది, చుట్టూ సీతాఫలం పొదలు, వెనక చెరువు నీళ్లు, పైన మబ్బు. నెమలికంఠం రంగు పట్టుచీర, జానెడు జరీ అంచు, మెడలో కంటె, నడుముకు వడ్డాణం. కుడిచెయ్యి సీతాఫలం కొమ్మ మీద ఉంది. ఎడమచెయ్యి అడ్డంగా రొమ్ము మీద. చూపు మన మీద లేదు, పక్కకు, కిందికి. గుమ్మంలో అడుగుపెట్టగానే గుర్తుపట్టాను, దానికి గంట అక్కర్లేదు. ఆ గదవ, కింది పెదవి జరంత పంటి కింద పట్టుకోవడం, అది నా సుక్కమ్మే. సంఘపోళ్లు పటాన్ని ఎందుకు ముట్టుకోలేదో కూడా అప్పుడే తెలిసింది, ఇది వాళ్ల మనిషి ముఖం. గంట కావలసింది వేరే దానికి. ఐదేళ్లుగా నన్ను తింటున్న దానికి. ఎవరిని చూస్తోంది ఇది, ఆ చూపు ఎవరి కోసం.

ఈ పటం సంగతి క్యాంపుకు ఎట్లా తెలిసిందంటే, హయత్‌నగర్ వైపు ఒకడు తుపాకి అప్పజెప్పి లొంగిపోయాడు, వాడు చెప్పాడట. దళంలో ఒకామె ఉంది, రాత్రిళ్లు కబుర్లు మోస్తుంది, నా బొమ్మ దొర హాల్లో వేలాడుతోంది, నేను చస్తే మీరు దండ వెతుక్కోనక్కర్లేదు, దొరే వేస్తాడు అని నవ్వుతుందట. నవ్వుతుందట. నా ఇంట్లో ఉన్నన్నాళ్లు చివరి రెండేళ్లు దాని పళ్లు చూసిన గుర్తు లేదు నాకు. వాడు దాన్ని చీకట్లో తప్ప చూడలేదట, ముఖం తెలిసిన వాళ్లు మా వాడలో ఉన్నారు, వాళ్లు నోరు విప్పరు, విప్పినా వాళ్లను చెక్‌పోస్టుకొకరిని నిలబెట్టలేరు కదా. అందుకని ఫొటోలు తీసేవాడిని పిలిపించారు, వాడు నల్లగుడ్డ కప్పిన పెట్టె పక్కన పెట్టుకుని బయట అరుగు మీద కునుకుతున్నాడు. నేను అవునంటే పటానికి ఫొటో తీస్తాడు, అది నూరు కాపీలై నూరు క్యాంపులకు పోతుంది, ఎవడో ముక్కూమొగం తెలియని సిపాయి శేరిగూడ తొవ్వలో గడ్డిమోపు ఎత్తుకుని పోతున్న ఆడమనిషిని ఆపి కాగితం పక్కన ముఖం పెట్టి చూస్తాడు. అంతే. దొర మాత్రం పొద్దుటి నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు, అది మా ఇంటి దొరసాని బొమ్మ అని. అందుకే నన్ను పిలిపించారు, మొగుడి కంటే ఎవరికి తెలుస్తుందని.

మొగుడు. నవ్వొస్తుంది. ఈ బొమ్మ గీసిన తొమ్మిది రోజులూ పగలంతా నా పెళ్లాన్ని నేను చూడకూడదన్నారు. దొర హైద్రాబాద్‌లో ఏ నవాబు ఇంట్లోనో చెట్ల మధ్య నిలబడ్డ దొరసాని బొమ్మ చూసొచ్చాడు, మన వజ్రమ్మ దొరసానికీ అలాంటిదే కావాలన్నాడు, విద్యాసాగర్ అనే బొమ్మల పంతుల్ని మూడు కాళ్ల చట్రంతో సహా బండి కట్టించి రప్పించాడు. తీరా వచ్చాక గుర్తొచ్చింది, దొరసానికి ఘోషా, పరాయి మగవాడి ముందు నిలబడదు, గుట్ట మీద అసలే నిలబడదు. ఆలోచించి ఆలోచించి వడ్లు దంచే ఆడవాళ్లను వరసగా నిలబెట్టి దొరసాని ఎత్తుకు సరిపోయే దాన్ని ఏరారు. సుక్కమ్మ సరిపోయింది. దొరసాని చీర కట్టారు, దొరసాని నగలు పెట్టారు, అక్కడితో ఆగితే బాగుండేది. చీర కట్టగానే ఘోషా కూడా దానికే వచ్చింది. దొరసాని చీర కట్టిన మనిషిని వెట్టోళ్లు కళ్లెత్తి చూస్తే దొరసానిని చూసినట్టే అన్నారు. మేనా తెచ్చారు, పరదాలు దించారు, గడి వెనకవాకిలి నుంచి సీతాఫలం గుట్ట దాకా మోయడానికి నలుగురిని పిలిచారు, అందులో నేనొకణ్ని. నా పెళ్లాన్ని నా భుజం మీద పెట్టుకుని మోశాను, తల దించుకుని. లోపల అది దగ్గినా పలకరించకూడదు. గుట్ట కింద మేనా దించి మేము ముఖం తిప్పుకుని నిలబడాలి, గడిలో పనిచేసే బుగ్గమ్మ ముసలి దాన్ని చెయ్యి పట్టి పైకి తీసుకుపోయేది, పొద్దు వాలేదాకా మేము కింద రేగుచెట్ల నీడలో.

ఎల్లయ్య, ముందు కొమ్ము పట్టేవాడు, వాడికి నోరూరుకోదు. "నాగన్నా, నీ పెండ్లాం దొరసాని అయింది, మరి నువ్వేమైనవ్?" అన్నాడు మొదటిరోజే. "బోయీ అయిన, కనిపిస్తలేదా" అన్నాను. "గట్ల కాదన్నా, లెక్క ప్రకారం నువ్వు మా దొరవి. జర నా భుజం నొస్తుంది, సెలవియ్యి." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రెండోరోజు నవ్వాను. నాలుగో రోజు పైనుంచి దిగొచ్చిన బుగ్గమ్మ నోట్లో తమలపాకు అటుంచి ఇటు తిప్పుకుంటూ, "ఏం సిగ్గుపడుతదిరా మీ సుక్కి, రొమ్ము మీద చెయ్యి తీయదు, ఆ పంతులు తీయమన్నా తీయదు. ఆయనేమో ఉండనియ్, గదే మంచిగుంది అంటడు, కన్నార్పకుండ జూస్తడు" అంది. ఆ రోజు నవ్వలేదు నేను. ఎల్లయ్య కూడా నవ్వలేదు, బీడీ ఇచ్చాడు. అప్పటి నుంచి గుట్ట కింద కూర్చుని నేను పైన జరిగేదంతా చూశాను, ఒక్కసారి కూడా తలెత్తకుండా చూశాను. కొమ్మ సర్దడానికి వాడు దగ్గరకు రావడం, చీర కుచ్చెళ్లు సరిచేయడం, ఇది పెదవి కొరుక్కోవడం. ఐదేళ్ల నుంచీ చూస్తూనే ఉన్నాను.

"ఏం రా నాగయ్యా, నిద్రపోతున్నవా?" ముంషీ రాంచంద్ర, క్యాంపు రాతలు రాసేవాడు, మూలన చిన్న బల్ల దగ్గర కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. హయత్‌నగర్ మనిషి, మా ఊళ్లో ఎవరూ తెలియరు వాడికి.

"లేదు ముంషీసాబ్, చూస్తున్న."

"చూసేదేముంది దాంట్ల. అవ్ అను, అయిపోతది. నీకు ఫికర్ తప్పుతది, నాకు రాసే బాధ తప్పుతది. పోయిన ఆడదాని మీద ఇంకా ప్రేమనా?"

"ప్రేమేం లేదు."

"మరింకేం" అని వాడు కలం ములుకు గుడ్డతో తుడుచుకున్నాడు. లోపలి గుమ్మానికి వెదురు తెర వేలాడుతోంది, దాని వెనక గాజులు చప్పుడయ్యాయి. వజ్రమ్మ దొరసాని కావచ్చు. ఆమెకూ వినాలని ఉంటుంది, ఆ పటం తనదో కాదో. బొమ్మ పూర్తయ్యాక లోపలికి తీసుకుపోయి చూపిస్తే చాలాసేపు చూసి, అచ్చం నేనే అందట. దొరసాని అన్నాక ఇక గడిలో అందరూ అచ్చం మీరే అన్నారు. చుట్టాలొచ్చి అన్నారు, నిజాం ఠాణా అమీన్‌సాబు వచ్చి అన్నాడు. దొర తప్ప ఆమె ముఖం చూసిన మగవాడెవడూ లేడు గనుక కాదనేవాడూ లేడు.

ప్రేమేం లేదు. నిజంగానే చెప్పాను. ప్రేమ ఉంటే కొడతానా, ఐదోరోజు రాత్రి కొట్టాను, ముఖం మీద కాదు, ముఖం మీద కమిలితే దొర తోలు వలుస్తాడు, వీపు మీద కొట్టాను, వీపు బొమ్మలో పడదు గదా. ఇన్‌స్పెక్టరు మనుషులు కూడా నన్ను వీపు మీదే కొడతారు, వాళ్లకెవరు నేర్పారో. రొమ్ము మీద చెయ్యేంది, ఎవరికి సిగ్గు చూపిస్తున్నవ్ అని కొట్టాను. అది చంటిదాన్ని ఒళ్లో వేసుకుని గోడ వైపు తిరిగింది. చంటిదానికి అప్పుడు ఐదో నెల. దానికి పేరు కూడా పెట్టలేదు, పెద్దదయ్యాక చూద్దామనుకున్నాం. సుక్కమ్మను చీకటితోనే గడికి పిలిచేవాళ్లు, తలంటి నగలు పెట్టడానికే జాము పట్టేది, వెళ్లేముందు పాలిచ్చి పోయేది, మళ్లీ పొద్దుగూకాకే. చంటిది ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకునేది. మా వాడలో ఏ తల్లి నాట్లకు పోయినా చేసేదే నేనూ చేశాను, వెట్టికి బయలుదేరేముందు ఆవగింజంత నల్లమందు వేలికి రాసి నాలుక మీద పెట్టేవాణ్ని, పక్కింటి ముసలిదాని పక్కలో పడుకోబెట్టేవాణ్ని. నేనే పెట్టాను. సుక్కమ్మ కాదు, నా వేలే. ఏడోరోజు కోపంలో ఉన్నాను, తెల్లవార్లూ నిద్రలేదు, ఎంత రాశానో చూసుకోలేదు. పొద్దుగూకి మేము మేనా దించి వచ్చేసరికి చంటిది లేవలేదు.

ఆవగింజ కంటే ఎక్కువైతే ఎంతవుతుంది. కందిగింజంత అయి ఉంటుందా. ఎవరికీ చెప్పలేదు నేను. పైగా ఏమన్నానో చెప్పనా, బొమ్మకు నిలబడి బిడ్డను సంపుకున్నవ్ అన్నాను, వాడంతా వినేటట్టు. అది విన్నది. ఏడవలేదు. మర్నాడు చీకటితో గడి నుంచి మనిషొచ్చాడు, బొమ్మకు ఇంకా రెండు రోజుల పని ఉందన్నాడట పంతులు. అది లేచి గడికి పోయింది. నేను మేనా మోశాను. ఎనిమిదోరోజు మోశాను, తొమ్మిదోరోజు మోశాను.

ఆ తర్వాత రెండేళ్లు నా ఇంట్లో వండింది, పెట్టింది, పక్కన పడుకుంది, మాట్లాడలేదు. ఒకరోజు సంఘం మీటింగుకు పోయింది, రాలేదు.

ఇన్‌స్పెక్టరు ఇంకా రాలేదు. లోపల గిన్నెల చప్పుడు. పెరుగన్నంలోకి వచ్చి ఉంటాడు. ఎండ కిటికీలోంచి జరిగి ఇప్పుడు పటం మీద పడింది, సరిగ్గా ఆ ఎడమచెయ్యి మీద, ఇంతసేపూ చీకట్లో ఉంది ఆ చెయ్యి. సిగ్గు అంది బుగ్గమ్మ. చూసిన వాళ్లందరూ సిగ్గే అన్నారట. అమీన్‌సాబు ఏదో ఉర్దూ కైత కూడా చదివాడట దాని మీద. నేను దగ్గరికి జరిగాను. సిగ్గుపడేవాళ్లు అరచెయ్యి పెట్టుకుంటారు, వేళ్లు పెట్టుకుంటారు. ఇక్కడ వేళ్లు గాల్లో ఉన్నాయి. ముంజేయి, మణికట్టు లోపలి వైపు ఎముక దగ్గర, దాంతో ఒత్తిపట్టింది. గట్టిగా ఒత్తింది, పట్టుచీర అక్కడ కిందికి నొక్కుకుపోయింది, ఆ పంతులు ఎంత మంచి పనివాడో, ఆ నొక్కు కూడా గీశాడు, అదేమిటో తెలియకుండానే గీశాడు.

ఈ ఒత్తడం నేను చూశాను. ఎక్కడ చూశాను. మడిలో చూశాను. నాట్లేసే ఆడవాళ్లు, చేతులనిండా బురద, గట్టు మీద ఉయ్యాలలో చంటిపిల్ల ఏడిస్తే తల్లికి పాలు చేపుకొస్తాయి, నాటు ఆపడానికి లేదు, గట్టు ఎక్కడానికి లేదు, దొర మనిషి గొడుగేసుకుని నిలబడి ఉంటాడు, అందుకని ముంజేత్తో రొమ్మును ఇట్లా ఒత్తిపట్టి, పాలు రవికలోకి దిగకుండా ఆపి, పళ్ల కింద పెదవి పట్టి, మళ్లీ వంగి నాటుతారు. అందరూ ఇట్లాగే ఒత్తుతారు. సుక్కమ్మ కూడా. పట్టుచీర మీద పాల మరక పడితే దొరసాని ఊరుకుంటుందా. తొమ్మిదిరోజులూ ఆ చెయ్యి తీయలేదు అంటే తొమ్మిదిరోజులూ పాలు చేపుతూనే ఉన్నాయి. పంతులు తీయమన్నా తీయలేదు. నేను వీపు మీద కొట్టినా మర్నాడు తీయలేదు. ఎట్లా తీస్తుంది.

మరి చూపు. ఆ బండ నాకు తెలుసు, చిన్నప్పుడు మేకలు కాశాను దాని కింద. దానికి ఆనుకుని చెరువు వెనక్కి వచ్చేటట్టు నిలబడితే ఎడమచేతి పక్కన, కింద, మా వాడ. పంతులు చట్రం అక్కడ ఉండదు, మేము కూర్చున్న రేగుచెట్లూ అక్కడ ఉండవు. అది వాణ్నీ చూడలేదు, నన్నూ చూడలేదు. పటం ఆ మూలలో, చట్రం చెక్క దగ్గర, బూడిదరంగు మచ్చ ఒకటి ఉంది, పొగ లాగా, ఇంతసేపూ తేమకు చెడిందనుకున్నాను. కళ్లు చికిలించి చూస్తే కింద నాలుగు కప్పులు. మూడోది మాది. నిద్రపుచ్చిన చంటిది లేస్తుందేమోనని, పొద్దెప్పుడు వాలుతుందోనని చూస్తోంది. ఒక్కటే తెలియడం లేదు నాకు, ఈ చెయ్యి పంతులు ఏ రోజు గీశాడు. మొదటి ఏడురోజుల్లోనా. లేక ఆ తర్వాతనా. తర్వాత అయితే, చంటిది మట్టిలో ఉంది, పాలు మాత్రం వేళకు చేపుకొస్తున్నాయి, వాటికెవరు చెబుతారు, అది అప్పుడూ ఒత్తిపట్టి ఆ కప్పు వైపే చూస్తోంది, నేను కింద రేగుచెట్ల నీడలో బీడీ తాగుతున్నాను.

చేతులు తుడుచుకుంటూ వచ్చాడు ఇన్‌స్పెక్టరు, వెనకే శ్రీపాల్ దొర. నేను లేచి గోడ పక్కన నిలబడ్డాను.

"చూశావుగా. చెప్పవయ్యా, ఎవరీమె?" కోస్తా మనిషి, కొట్టేముందు కూడా మెత్తగానే మాట్లాడతాడు.

పొద్దుటి నుంచి నోట్లో పెట్టుకొచ్చిన మాట లేదక్కడ. కాదు అంటే చాలదు, కాదంటే మరెవరు అంటాడు. ఆ ముఖం ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి. ఎవరికివ్వాలో ఈ గడే నేర్పింది. తొమ్మిదిరోజులు భుజం మీద పెట్టి మరీ నేర్పింది.

"దొరసానమ్మ" అన్నాను.

తెర వెనక గాజులు ఆగిపోయాయి.

"దొరసానిని నువ్వెప్పుడు చూశావు? ఘోషా అంటారే వీళ్లు?" ఇన్‌స్పెక్టరు గొంతు ఇంకా మెత్తబడింది.

చూశానంటే దొర చంపుతాడు, చూడలేదంటే ఈయన చంపుతాడు. "ముఖం చూడలే సారూ, బాంచెన్. మేనా మోసిన. దొరసానమ్మ గుట్టకు బొమ్మ కోసం పోయింది, తొమ్మిదిరోజులు మేమే మోసినం. మేనాల ఉన్నది దొరసానమ్మ, కండ్లెత్తితే గుడ్లు పీకుతమన్నరు. పరదా కింద ఈ అంచే కనబడేది, గిదే రంగు. దొరనడుగున్రి."

ఇన్‌స్పెక్టరు దొర వైపు తిరిగాడు. నేనూ తిరిగాను, వెట్టిలోకి వచ్చాక మొదటిసారి ఆయన కళ్లలోకి చూశాను. ఆయనకు తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. నా మాట కాదనాలంటే, వెట్టిదాన్ని పట్టుచీర కట్టి నిలబెట్టాం అనాలి, తెర వెనక దొరసాని వింటుండగా అనాలి, చుట్టాలకూ అమీన్లకూ ఇన్నేళ్లు దండం పెట్టించింది వడ్లు దంచే దాని ముఖానికని అనాలి.

"అదే కదా పొద్దుటి సంది చెప్తున్న మీకు" అన్నాడు దొర. "మా ఇంటి ఆడవాళ్ల బొమ్మకు ఫొటో దీసి ఠాణాల అంటిస్తరా? మినిస్టరు గారితోటి మాట్లాడమంటరా?"

ఇన్‌స్పెక్టరు పటం వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు, ఘోషా ఆయనకూ తగిలింది. ఫొటోవాణ్ని పొమ్మన్నాడు. అయినా ఊరుకునే మనిషి కాదు, ముంషీ బల్ల మీద వేలితో కొట్టి, "సరే, ఈమె కాదు. అయితే నీ పెళ్లాం ఎట్లా ఉంటుందో నువ్వే చెప్పు, రాయించి పంపిస్తాను" అన్నాడు.

ముంషీ కాగితం తీశాడు. "చెప్పు రా, ఎత్తెంత?"

పటంలో అది బండకు పైదాకా ఉంది. "పొట్టి" అన్నాను. "నా చంక కిందికి వస్తది."

"రంగు?"

చామనఛాయ, చెంప మీద ఎండ పడ్డ చోట రాగి. "కర్రెగ. బొగ్గు లెక్క." ముక్కు సూటిగా ఉంది, చప్పిడి అన్నాను. గదవ కోసుగా ఉంది, లావు మొఖం అన్నాను. అమ్మవారి మచ్చలు పెట్టాను, ఆ నున్నటి నుదురు చూస్తూ ఒక్కొక్క మచ్చే పెట్టాను. కళ్లు అడిగాడు. చాలాసేపు చూశాను ఆ కళ్లను, మూలన ఉన్న ఆ కప్పుల వైపు తప్ప ఎటూ పోని కళ్లు. "మెల్ల" అన్నాను. "ఎటు జూస్తదో తెల్వది." కుంటి అన్నాను, ఎడమ కాలు. దొర గోడ వైపు తిరిగి మీసం సర్దుకుంటున్నాడు, తెర వెనక ఎవరో మెల్లగా ఊపిరి వదిలారు. వదిలిపెట్టబుద్ధి కాలేదు నాకు, ముంషీ చాలన్నా ఇంకా చెప్పాను, కనుబొమలు, చెవులు, మెడ దగ్గర వంపు, పెళ్లయిన పదేళ్లలో ఒక్కటీ ఇట్లా చూడలేదు, ఇప్పుడు ఒక్కొక్కటి చూసి చెరిపేస్తున్నాను, చేతులు కూడా చెప్పాను, ముంజేయి వంకర, రొమ్ము దాకా లేవదు అన్నాను.

ముంషీ రాసింది మొత్తం చదువుకుని నవ్వాడు, ఇన్‌స్పెక్టరుకు చదివి వినిపిస్తూ ఇంకా నవ్వాడు. "మెల్లకన్ను, కుంటికాలు, మొఖం నిండ మచ్చలు. ఏం జూసి చేసుకున్నవ్ రా దీన్ని?"

"నేను చూడలే ముంషీసాబ్" అన్నాను. "గప్పుడు చూడనే లేదు."